గుబులు పుట్టినప్పుడు తిండి

పాపా,

గ్రూప్-2 చదువు మొదలుపెట్టినప్పటి నుంచి రాత్రి పదకొండు దాటితే చెయ్యి చిప్స్ పొట్లం మీదికే పోతోందని, పొద్దున లేచి నిన్ను నువ్వే తిట్టుకుంటున్నావని మీ అమ్మ చెప్పింది. ముందు ఆ తిట్టుకోవడం మాను. గుబులు రోజుల తరబడి ఉంటే ఒంట్లో కార్టిసాల్ అనే హార్మోను పెరిగి ఆకలి లేపుతుంది. తీపీ నూనే అడిగే ఆకలి అది. నిద్ర చాలకపోతే ఇంకా ఎక్కువ. అంగన్వాడీలో ఇన్నేళ్లు పనిచేసినదాన్ని, తిండికి సిగ్గుపడినవాళ్లు చాటుగా తినడమే చూశాను గానీ తగ్గించడం చూడలేదు.

అసలు నువ్వు మధ్యాహ్నం ఏం తింటున్నావు? హాస్టల్ తెల్లన్నం, నీళ్లచారు. లావైపోతానని అదీ సగమే. సాయంత్రం టీ, బిస్కెట్టు. పగలు ఎగ్గొట్టిన కూడు రాత్రి వడ్డీతో వసూలు చేసుకోదా మరి!

ఆ తెల్లన్నం మన పాత తిండేమీ కాదు. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే మన కళ్యాణదుర్గం వైపు నేలకు వరి ఎక్కడిది? మీ అవ్వ కాలంలో కొర్ర, సద్ద, జొన్న, రాగి తినేవాళ్లు. తర్వాత చేలన్నీ శెనక్కాయే అయ్యాయి. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చింది. దాన్ని నేను తప్పుపట్టను, కరువు రోజుల్లో పేదల ఇళ్లలో పొయ్యి వెలిగించింది. కానీ మూడు పూటలా అదే అయి కూర్చుంది. 2023ని ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరం అన్నాక రాగి బిస్కెట్లు, కొర్ర మిక్చర్లు అంగళ్ల నిండా వచ్చాయి. కొనేముందు పొట్లం తిప్పి చదువు. మైదా, చక్కెర, పామాయిల్ ముందుంటే రాగి బొమ్మ వరకే.

హాస్టల్లో రాగి సంగటి దొరకదని తెలుసు. మధ్యాహ్నం పప్పు ఎక్కువ వడ్డించుకుని కడుపునిండా తిను. ఐదింటికి గుప్పెడు వేయించిన శెనక్కాయలు. గుప్పెడంటే గుప్పెడే: నూరు గ్రాముల్లో సుమారు 25 గ్రాముల మాంసకృత్తులతో పాటు దాదాపు 560 కేలరీలూ ఉంటాయి. చిప్స్ రూములో దాచుకోవద్దు, కావాలంటే మెట్లు దిగి కొనుక్కో. సగం రాత్రులు నీ బద్ధకమే నిన్ను కాపాడుతుంది. ఉగ్గాని బజ్జి మానమని చెప్పడానికి నాకు నోరు రాదు. ఆదివారం స్నేహితురాళ్లతో కూర్చుని తిను, పుస్తకం ముందు మాత్రం వద్దు.

ఆపుకోలేక తరచూ తింటున్నా, తిన్నది కక్కేయాలనిపించినా మాకు చెప్పు. చెప్పలేకపోతే మనసు బాధలకు సర్కారు నడిపే ఫోన్ సేవ టెలి మానస్ 14416కు ఫోన్ చెయ్యి, తెలుగులోనే మాట్లాడతారు.

బాగా ఎండిన సద్ద రొట్టెలు, శెనక్కాయల పొడి శుక్రవారం కళ్యాణదుర్గం బస్సులో పంపిస్తున్నా. స్టీలు డబ్బా మాత్రం వెనక్కి పంపు. పోయినసారిది ఇంకా రాలేదు.

మీ పెద్దమ్మ