శ్రీలంకలో నేర్చుకున్న పాఠం: మన గట్టు మీది చెట్లే వాళ్ల భోజనం

పిల్లల సెలవుల్లో కుటుంబమంతా శ్రీలంక వెళ్లొచ్చాం. అక్కడ తిన్న తిండి, చూసిన తోటలు పై వీడియోలో ఉన్నాయి. వీడియోలో చెప్పలేకపోయినవి ఇక్కడ రాస్తున్నాను.

కొలంబో నుంచి క్యాండీ వెళ్లే దారిలో రాంబూటాన్ గుత్తులు కట్టి అమ్ముతున్నారు. మా పిల్లలు రాంబూటాన్, మ్యాంగోస్టీన్ తిని గింజలు దాచారు, మన చేలో వేద్దామని. నేనూ సరే అన్నాను. మేము దిగిన ఇంటి రైతు నవ్వాడు. రాంబూటాన్ గింజ మొక్కల్లో మగ చెట్లు కూడా వస్తాయి, అవి కాయవు. మ్యాంగోస్టీన్ గింజ ఎండితే మొలవదు. మొలిచినా కాపుకు ఎనిమిది, పదేళ్లు పడుతుంది. రెండింటికీ గాలిలో తేమ బాగా ఉండాలి. పైగా అనుమతి పత్రాలు లేకుండా విదేశీ గింజలు తేకూడదు, వాటితో కొత్త తెగుళ్లు వస్తాయి. గింజలు అక్కడే వదిలేశాం.

అసలు పాఠం ఆ ఇంటి భోజనంలో దొరికింది.

పొద్దున్నే 'కోల కెంద' ఇచ్చారు. ఎర్రబియ్యం గంజిలో కొబ్బరిపాలు, ఆకురసం కలిపి, నంజుకోవడానికి బెల్లం ముక్క. ఆకు ఏదంటే, మన కాలువ గట్ల మీద పాకే సరస్వతి ఆకు! మధ్యాహ్నం లేత పనసకాయ కూర. గోదావరి జిల్లాల వాళ్లకు పనసపొట్టు కూర కొత్త కాదు, కానీ అక్కడ పనస ఆకలి తీర్చే తిండి. పనసను 'బత్ గస' అంటారు, అంటే అన్నం చెట్టు. దాన్ని కొట్టాలంటే ప్రభుత్వ అనుమతి కావాలి. సాయంత్రం వెలగపండు గుజ్జులో బెల్లం, కొబ్బరిపాలు కలిపిన పానీయం. మనకి వెలగకాయ గుర్తొచ్చేది వినాయక చవితికే.

ఆ పెరడంతా మనం చెప్పుకునే ఐదంచెల పంటే. పైన కొబ్బరి, పనస. మధ్యలో జాజికాయ, లవంగం. చెట్లకు పాకిన మిరియం. కింద అల్లం, పసుపు. నేల మీద రాలిన ఆకే ఆచ్ఛాదన.

ఒక మాట దాచకుండా చెప్పాలి. పోయినేడాది గట్టు మీద నీడ పడుతోందని మా నాన్న నాటిన పనస చెట్టు, పక్కనున్న వెలగ చెట్టు కలపకి అమ్మేశాను. ఆ అన్నం ముందు కూర్చున్నప్పుడు మా ఆవిడ నా వైపు చూసింది. ఏమీ అనలేదు.

ఇప్పుడు చేస్తున్నవి:

1. పనస గింజ తీసిన రెండు మూడు రోజుల్లోనే నాటుతున్నాను. ఎండబెడితే మొలక చచ్చిపోతుంది.
2. వెలగ ఎండకు తట్టుకుంటుంది. మెట్ట గట్టు మీద వేస్తున్నాను. త్వరగా కాపు కావాలంటే అంటు మొక్క మేలు.
3. సరస్వతి ఆకు మురుగు తగలని తడి చోట, బోదె పక్కన పెంచుతున్నాను.

కొత్త పండు వద్దనను. ముందు మన గట్టు చూసుకుందాం. మీ గట్టు మీద ఏ చెట్లు మిగిలాయో కింద రాయండి.