అంటుకత్తుల గీతలు తీయుట: గరుకుమెత్తలను ఎన్నుకొను విధము

మామిడి, నిమ్మ, బత్తాయి, జామ మొదలగు తోటలు గల రైతులు అంటుకత్తిని ఏడాదిలో కొలది దినములు మాత్రమే వాడుదురు. తక్కిన కాలమంతయు అది పెట్టెలోనో, చూరులోనో పడియుండి త్రుప్పు పట్టును. పని దినము వచ్చినప్పుడు చేతికి దొరకిన ఇటుకముక్కతోనో, ఇసుకతోనో తోమి వాడుట పలుచోట్ల కలదు. దీనివలన త్రుప్పు పోవును గాని, కత్తి చెంపలమీద లోతైన గీతలు పడును. ఈ గీతలను ఏ గరుకువస్తువుతో, ఏ వరుసలో తీయవలెనో ఇందు వివరింపబడుచున్నది.

1. గీతలవలని నష్టము

అంటు అతుకవలెనన్న, అంటుపుల్లయొక్కయు క్రింది మొక్కయొక్కయు బెరడునకును చెక్కకును నడుమనుండు పలుచని పెరుగుదలపొరలు ఒకదానినొకటి తాకియుండవలెను. కోత నునుపుగా నున్నగాని ఆ పొరలు సరిగా కలియవు. వాదర వరకు సాగిన గీత వాదరలో సన్నని గంటుగా మారును. అట్టి కత్తి కోయుటకు బదులు చీల్చును. ఇదియునుగాక, గీతలలో జిగురును మురికియు నిలిచి, వాటియందు తేమ చేరి త్రుప్పు త్వరగా పట్టును. తెగులు గల చెట్టునుండి మంచి చెట్టునకు కత్తి మార్చునపుడు నూటికి 70 పాళ్ల స్పిరిటుతో తుడుచుట మంచిదే కాని, మురికి చాటుననున్న దానిని స్పిరిటు చక్కగా తాకజాలదు.

2. గరుకువస్తువులు

ఉక్కును అరుగదీయుటకు దానికంటె గట్టి రేణువులు కావలెను. అందు ముఖ్యమైనవి రెండు. మొదటిది కురువిందము. ఇది అల్యూమినము ఆక్సైడు. ఖమ్మము, అనంతపురము జిల్లాలలో ఖనిజముగా దొరకును. ఇంగ్లీషువారి కొరండమను మాట ఈ దక్షిణదేశపు పేరునుండి పుట్టినదే. నేడు అంగళ్లలో నమ్ము కాగితములమీద సామాన్యముగా కార్ఖానాలలో చేసిన అల్యూమినము ఆక్సైడే యుండును. రెండవది సిలికాన్ కార్బైడు. దీనికి అమెరికాలో అచెసన్ అను నతడు 1893లో పేటెంటు పొందెను. ఇది కురువిందముకంటె గట్టిది, పెళుసైనది.

ఈ రేణువులను కాగితముమీద అంటించిన ఉప్పుకాగితమగును. నైలాను నారలను దిండువలె కూర్చి, వాటికి రేణువులను బంకతో పట్టించిన గరుకుమెత్తయగును. కాగితము లోతుగా కోయును. మెత్త వంగును గనుక పైపైని మాత్రమే అరుగదీసి, గీతలను కలిపివేయును. ఈ భేదమును మరువరాదు.

3. అంకెలును రంగులును

ఉప్పుకాగితము వెనుక నుండు అంకె పెరిగిన కొలది రేణువు సన్ననగును. పి 120 రేణువు సుమారు 125 మైక్రానులు. పి 240 సుమారు 58. పి 400 సుమారు 35. పి 1000 సుమారు 18. వేయి మైక్రానులు ఒక మిల్లీమీటరు.

మెత్తలకు సాధారణముగా రంగే గుర్తు. ముదురు ఎరుపు మెత్త ఇంచుమించు 320 మొదలు 400 అంకెల కాగితమునకును, బూడిదరంగు మెత్త 600 మొదలు 800 అంకెల కాగితమునకును సాటియని చెప్పుదురు. తెల్లమెత్త అంతకంటె మృదువైనది. శుభ్రము చేయుటకే తగును. అంట్లు తోము పచ్చమెత్తలు పలు రకములుగా నుండును. రంగు తయారుచేయువారినిబట్టి మారవచ్చును గావున, కొత్త మెత్తను మొదట కత్తి పిడి దాపున కొంచెము రుద్ది చూడవలెను.

4. ఎన్నుకొను విధము

గోటిని గీతకు అడ్డముగా నడుపవలెను. గోరు తగులనియెడల బూడిదరంగు మెత్త చాలును. కొంచెము తగిలిన ముదురు ఎరుపు మెత్తతో ఆరంభించి, పిదప బూడిదరంగు మెత్త వాడవలెను. గోరు చిక్కుకొనియెడల మెత్తతో పని కాదు. పి 240 లేక పి 320 కాగితమును చదునైన చెక్కముక్కకు చుట్టి ఆరంభించవలెను. త్రుప్పు తిని లోతైన గుంటలు పడినచో వాటిని పూర్తిగా తీయ యత్నింపరాదు. కత్తి పలుచనై చెడును. వాదరయొద్ద గుంటలున్న కత్తిని అంటుపనినుండి మాన్పి, ఇతర పనులకు వాడుట మేలు.

పెక్కు అంటుకత్తులకు ఒక ప్రక్కనే వాలుండును. రెండవ ప్రక్క చదునుగా నుండును. ఈ చదునుప్రక్కకు మెత్త వాడనే వాడరాదు. మెత్త వంగి వాదరను గుండ్రము చేయును. అట్టి కత్తితో చదునైన కోత రాదు. ఆ ప్రక్కను గాజుపలకపై పరచిన పి 600, పిమ్మట పి 1000 తడికాగితముపైననే రుద్దవలెను.

5. పని వరుస

మొదట సబ్బునీటితో జిగురును కడిగి ఆరనియ్యవలెను. కత్తిని చెక్కపై పరుండబెట్టి, వాదర వెలుపలికి ఉండునట్లు కదలకుండ పట్టవలెను. మెత్తను వెన్నునుండి వాదరవైపునకు త్రోయరాదు. చేయి జారిన తెగును. కత్తి పొడుగునను, పిడినుండి మొనవైపునకు, ఒకే దిక్కున రుద్దవలెను.

కాగితములు మార్చునపుడు, కొత్త కాగితమును మునుపటి గీతలకు అడ్డముగా నడుపవలెను. పాతగీతలు పూర్తిగా కనబడకుండ పోయినపుడే తరువాతి అంకెకు పోవలెను. తొందరపడి అంకెలు దాటించిన, పాతగీతలు మెరుపు నడుమ మరల కనబడును. ప్రతి అంకెకును కత్తిని తుడిచి ముతక రేణువులను తొలగించవలెను. మడతకత్తియైనచో కీలులో రేణువులు చేరకుండ గుడ్డ కట్టవలెను.

మెత్తపని ముగిసిన పిదపనే సానరాతిపై పదును పెట్టవలెను. ముందు పదును పెట్టి పిదప మెత్త వాడిన, పదును పోవును.

6. జాగ్రత్తలు

తిరుగు సానచక్రముపై గీతలు తీయించుట ప్రమాదము. పలుచని వాదర క్షణములో వేడెక్కును. సామాన్యపు ఉక్కు సుమారు 300 డిగ్రీల సెంటిగ్రేడు వేడిని నీలిరంగు పొందును. నీలి పట్టిన చోట దాని గట్టిదనము తగ్గి పదును నిలువదు. చేతిపనిలో ఈ భయము లేదు.

త్రుప్పు పట్టని ఉక్కు కత్తులకు ఇనుప పీచు వాడరాదు. దాని తునకలు గీతలలో నిలిచి త్రుప్పు మరకలు కలిగించును. ఇట్టివానికి నైలాను మెత్తయే తగినది. పొడిగా రుద్దునపుడు లేచు ధూళిని పీల్చరాదు. తడిపి రుద్దుట మంచిది. సామాన్యపు ఉక్కును తడిపినయెడల వెంటనే తుడిచి ఆరబెట్టవలెను.

పని ముగిసిన కత్తికి ఆముదము పలుచగా పూసి, పొడి గుడ్డలో చుట్టి ఉంచవలెను. వాడుటకు ముందు ఆ నూనెను తుడిచివేయవలెను. కోతపై నూనె మిగులరాదు.

7. సంగ్రహము

గోటితో గీత లోతు చూచుట. పని జరుగుటకు చాలిన మిక్కిలి సన్నని గరుకుతో ఆరంభించుట. చదునుప్రక్కకు మెత్త వాడకుండుట. పదును చివర పెట్టుట. నూనె పూసి దాచుట. ఈ అయిదును పాటించు రైతు కత్తి పెక్కేండ్లు మన్నును. ఒక్క మెత్తను నాలుగు ముక్కలు కోసి వాడుకొనిన ఖర్చును తగ్గును. అరిగిన మెత్తను పారవేయక చివరి మెరుగునకు ఉంచుకొనవచ్చును.