వెనుక కనెక్టర్ ఉంటే సరిపోదు

చి. అమ్మడికి,

ల్యాబ్‌కి వచ్చిన కొత్త మల్టీమీటర్‌ని జీపీఐబీ కేబుల్‌తో కంప్యూటర్‌కి కలిపావనీ, కొలతలు చక్కగా వస్తున్నాయనీ రాశావు. ‘ఐ ట్రిపుల్ ఈ 488.2 ప్రమాణానికి కట్టుబడి ఉంది’ అని రిపోర్టులో రాసెయ్యనా అని అడిగావు. అప్పుడే రాయకు. అంతా సవ్యంగా సాగుతున్నంతసేపు ఏ పరికరమైనా బుద్ధిగానే కనిపిస్తుంది. తప్పుడు ఆజ్ఞ అందినప్పుడు, అడిగిన జవాబుని ఎవరూ తీసుకోనప్పుడు అది ఎలా నడుచుకుంటుందో చూశాకే ఆ మాట రాయాలి.

ముందు ఈ ప్రమాణం ఎక్కడిదో రెండు మాటలు. హ్యూలెట్ ప్యాకార్డ్ కంపెనీ తన పరికరాల్ని ఒకదానితో ఒకటి కలపడానికి హెచ్‌పీ-ఐబీ అనే బస్ తయారుచేసుకుంది. అదే 1975లో ఐ ట్రిపుల్ ఈ 488 అయింది, నువ్వు కలిపిన జీపీఐబీ ఇదే. 1987లో దాన్ని రెండు చేశారు. తీగలు, వోల్టేజీలు, బైట్ ఒకచోటి నుంచి ఇంకోచోటికి దాటే పద్ధతి 488.1లోకి వెళ్లాయి. ఆ బైట్లతో ఏం మాట్లాడాలి, తప్పు జరిగితే ఏం చెప్పాలి అన్నది 488.2 చూసుకుంటుంది. 1990లో వచ్చిన స్కిపీ అనే ప్రమాణం, ఏ కంపెనీ మీటర్‌నైనా వోల్టేజీ ఒకే మాటతో అడగగలిగేలా ఆజ్ఞల్ని ఖరారు చేసింది. కాబట్టి ‘కట్టుబడి ఉంది’ అని ఎవరైనా అంటే, దేనికి అని అడగాలి.

తీగల సంగతి కాస్త వివరంగా చెప్తాను, దాన్ని నేను ఇప్పటికీ ఇష్టంగా తలుచుకుంటాను. 24 పిన్నుల కనెక్టర్‌లో 8 తీగలు డేటాకి, 5 బస్ నిర్వహణకి, 3 హ్యాండ్‌షేక్‌కి. మిగిలినవి గ్రౌండు, షీల్డు. అసలు తెలివంతా ఆ మూడింటిలోనే ఉంది. వినే పరికరాలు సిద్ధంగా లేనంతసేపూ ఎన్‌ఆర్‌ఎఫ్‌డీ తీగని కిందికి లాగి పట్టుకుంటాయి. అన్నీ వదిలాకే మాట్లాడే పరికరం, డేటా సిద్ధమని డీఏవీ తీగ మీద చెప్తుంది. బైట్ అందుకున్న పరికరం ఎన్‌డీఏసీ తీగని వదులుతుంది. చివరి పరికరం కూడా వదిలితేనే ఆ తీగ పైకి లేస్తుంది, తర్వాతి బైట్ కదులుతుంది. పంక్తి భోజనంలో ఆఖరివాళ్లు తినేదాకా ఎవరూ లేవనట్టే ఇదీ. అందుకే నిదానమైన పాత ప్లాటర్ పక్కన చురుకైన మీటర్ ఉన్నా ఒక్క బైట్ కూడా జారిపోదు. దీనికి పరిమితులూ ఉన్నాయి: ఒక బస్ మీద కంట్రోలర్‌తో కలిపి 15 పరికరాలు, మొత్తం కేబుల్ 20 మీటర్లు, అదీ పరికరానికి సగటున 2 మీటర్లు మించకూడదు.

ఇప్పుడు మీటర్ వెనక్కి తిప్పి చూడు. చాలావాటికి కనెక్టర్ పక్కనే ఎస్‌హెచ్1, ఏహెచ్1, టీ6, ఎల్4, ఎస్‌ఆర్1, ఆర్‌ఎల్1, పీపీ0, డీసీ1, డీటీ1, సీ0 అని ఒక వరుస అచ్చువేసి ఉంటుంది. తనకి ఏం చేతనవునో, ఏం చేతకాదో పరికరం ఇచ్చుకున్న వాంగ్మూలం అది. సున్నా అంటే ఆ పని రాదని. సీ0 ఉంటే అది బస్‌ని నడిపించలేదు, అందులో తప్పేమీ లేదు. కానీ ఎస్‌ఆర్0 అని ఉంటే తనంతట తాను కంట్రోలర్‌ని పిలవలేదు. 488.2లో ఎస్‌ఆర్1, డీసీ1 తప్పనిసరి కాబట్టి ఆ పరికరాన్ని అక్కడే పక్కన పెట్టేయొచ్చు.

ఆ వరుస సరిగ్గా ఉంటే అసలు పరీక్ష మొదలుపెట్టు. *ఐడీఎన్? అని అడుగు. కామాలతో విడదీసిన నాలుగు భాగాలు రావాలి: తయారీదారు, మోడల్, సీరియల్ నంబరు, ఫర్మ్‌వేర్ వెర్షన్. సీరియల్ నంబరు తెలియకపోతే అక్కడ 0 పెట్టాలి, ఖాళీ వదలకూడదు. చాలామంది ఇక్కడితో ఆపేస్తారు, నువ్వు ఆగకు. పవర్ ఆపి మళ్లీ వేసి, తప్పులూ సంఘటనలూ నమోదయ్యే రిజిస్టర్‌ని చదివే *ఈఎస్‌ఆర్? అడిగితే మామూలుగా 128 వస్తుంది, అంటే ఇప్పుడే పవర్ వచ్చిందని. మళ్లీ అడిగితే 0 రావాలి, ఎందుకంటే చదవగానే ఆ రిజిస్టర్ ఖాళీ అవ్వాలి. తర్వాత అర్థంలేని ఆజ్ఞ ఒకటి పంపి మళ్లీ *ఈఎస్‌ఆర్? అడుగు, 32 రావాలి. ఆ రిజిస్టర్‌కి తోడుండే ఎనేబుల్ రిజిస్టర్‌ని సెట్ చేసే *ఈఎస్‌ఈ 300 పంపి చూడు. ఆజ్ఞ సరైనదే, విలువ మాత్రం 255 దాటింది. కాబట్టి ఇప్పుడు 16 రావాలి. రెండింటికీ ఒకే జవాబిచ్చే మీటర్‌కి మాట తప్పో విలువ తప్పో తేడా తెలియనట్టే.

ఒక ప్రశ్న అడిగి, జవాబు చదవకుండా ఇంకో ఆజ్ఞ పంపు. పాత జవాబుని పారేసి, అదే రిజిస్టర్‌లో క్వెరీ ఎర్రర్ బిట్ పెట్టాలి. స్కిపీ పరికరమైతే ఎర్రర్ క్యూలో -410 కనిపించాలి. పాత జవాబే తర్వాతి ప్రశ్నకి వచ్చిందంటే ఎంత ప్రమాదమో ఆలోచించు. వోల్టేజీ అడిగితే అంతకుముందు అడిగిన రెసిస్టెన్స్ విలువ వస్తుంది, అది తిన్నగా సర్టిఫికెట్‌లోకి ఎక్కుతుంది. అంకె నిజమే కానీ ఆ కొలతది కాదు. మన పనిలో నేను అన్నిటికంటే ఎక్కువ భయపడేది ఇలాంటి తప్పుకే.

రీసెట్ ఆజ్ఞ *ఆర్‌ఎస్‌టీ సంగతి కూడా చూడు. ముందు *ఈఎస్‌ఈ 60 పెట్టి, రీసెట్ చేసి, *ఈఎస్‌ఈ? అడుగు. 60 అలాగే ఉండాలి. రీసెట్ కొలత సెట్టింగుల్ని మార్చాలే తప్ప ఎనేబుల్ రిజిస్టర్లని, బస్ అడ్రసుని, క్యాలిబ్రేషన్ విలువల్ని ముట్టుకోకూడదు.

ఇక మాన్యువల్. 488.2 తయారీదారు మీద కూడా ఒక బాధ్యత పెట్టింది. ఇన్‌పుట్ బఫర్ సైజు ఎంత, ఏ ప్రశ్నకి జవాబు అడగ్గానే తయారవుతుంది, దేనికి చదివేటప్పుడు తయారవుతుంది లాంటివన్నీ రాసి ఇవ్వాలి. ఆ పేజీలు లేకుండా పెట్టె మీద ‘కంపాటిబుల్’ అని మాత్రం ఉంటే ఆ మాటని నమ్మకు. కేబుల్ బదులు యూఎస్‌బీ, లాన్ వచ్చాయి కదా అంటావేమో. తీగ మారింది కానీ ఈ ఆజ్ఞలూ, రిజిస్టర్లూ చాలావరకు అలాగే నడుస్తున్నాయి.

ఈ వారం తీరిక చేసుకుని ఇవన్నీ నడిపి చూడు. దేనికి ఏం వచ్చిందో వరసగా రిపోర్టులో రాసి, తప్పినవాటిని కూడా దాచకుండా చేర్చి, నాకో కాపీ పంపు.

మీ మామయ్య