టెన్నిస్‌లో నెట్ మీదికొచ్చిన ఆటగాణ్ని దాటించడం ఎలా?

ఎదుటి ఆటగాడు నెట్ మీదికి దూసుకొస్తుంటే కొత్తవాళ్లు కంగారుపడి బంతిని బలంకొద్దీ బాదుతారు. అది నెట్‌కైనా తగులుతుంది, గీత దాటైనా పోతుంది. నిజానికి నెట్ దగ్గరున్నవాడికి వేగంతో పెద్ద ఇబ్బంది లేదు. ర్యాకెట్ అడ్డం పెడితే చాలు, మీ వేగమే మీకు తిరిగొస్తుంది. కాళ్ల దగ్గరికి దిగే బంతితోనే అతనికి తంటా. పాసింగ్ షాట్, అంటే నెట్ దగ్గరున్నవాణ్ని దాటించే షాట్, సాధన అక్కడ మొదలుపెట్టండి.

ముందుగా మీతో ఆడే మిత్రుణ్ని సర్వీస్ లైన్ మీద, అంటే నెట్‌కు 6.4 మీటర్ల దూరంలో నిలబెట్టండి. మీరు బేస్‌లైన్ దగ్గర ఉండండి. అతను వేసిన బంతిని నెట్ మీద అడుగు ఎత్తుకు మించకుండా, టాప్‌స్పిన్‌తో అతని బూట్ల దగ్గర దించాలి. ర్యాకెట్ తల బంతికంటే కిందికి వెళ్లి, అక్కణ్నుంచి బంతిని రుద్దుతూ పైకి లేవాలి. పిడికిలి మరీ బిగిస్తే ఆ రుద్దుడు రాదు. అతను మోకాళ్లు వంచి బంతిని పైకి లేపాల్సి వచ్చిందా, మీరు సరిగ్గా కొట్టినట్టే. పాయింటు సంగతి ఇంకా వద్దు.

అది కుదిరాక ఆట ఆపకండి. కింద నుంచి లేపిన వాలీ మామూలుగా మెల్లగా, కాస్త ఎత్తుగా వస్తుంది. రెండడుగులు ముందుకేసి ఇప్పుడు పాస్ కొట్టండి. మొదటి బంతితో ఇరుకున పెట్టి, రెండో బంతితో దాటించడమే ఇందులో కిటుకు. దీన్ని ఒంట పట్టించుకోవడానికి 11 పాయింట్ల ఆట పెట్టుకోండి: మొదటి షాట్‌తోనే దాటిస్తే 1 పాయింటు, రెండో షాట్‌తో దాటిస్తే 2.

ఎటు కొట్టాలి? నెట్ మధ్యలో 91.4 సెంటీమీటర్లే ఉంటుంది, స్తంభాల దగ్గర 1.07 మీటర్లు. గీత వెంబడి కొడితే ఎత్తు దాటాలి, కానీ దారి దగ్గర, ఎదుటివాడికి వ్యవధి తక్కువ. క్రాస్‌కోర్ట్‌లో నెట్ తక్కువే గానీ కోణం పదునుగా ఉండాలి. 1980 వింబుల్డన్ ఫైనల్లో బోర్గ్ మెకెన్రోను ఐదో సెట్లో 8-6తో ఓడించిన ఆఖరి పాయింటు బ్యాక్‌హ్యాండ్ క్రాస్‌కోర్ట్ పాసే. మీరు మాత్రం మొదట్లో గీత వెంబడే ఎక్కువ కొట్టండి. పక్కగీతకు గజం లోపల ఓ నీళ్ల సీసా పెట్టి గురి చూడండి. ఎటో ముందే తేల్చుకోండి, ర్యాకెట్ ఊపాక మనసు మార్చుకోకండి. ఎదుటివాడి కదలికలు చూస్తూ బంతి మీద చూపు తప్పించేవాళ్లే ఎక్కువ.

అప్పుడప్పుడూ ఒక లాబ్ కూడా వేయాలి, అతని బ్యాక్‌హ్యాండ్ భుజం మీదుగా. లేదంటే ధీమాగా నెట్‌కు అతుక్కుని నిలబడతాడు.

వాలీలు సరిగ్గా ఆడలేని జోడీతో ఈ సాధన చేస్తే మీకు ఒరిగేదేమీ లేదు. నెట్ దగ్గర గట్టివాణ్ని బతిమాలైనా సరే తెచ్చుకోండి.