డ్రోను ఒక ఎత్తున నిలవడం లేదా?

పంట చూసుకునేందుకు కొన్న చిన్న కెమెరా డ్రోను నీళ్లు నిలిచిన వరి మడిపైనే పైకీ కిందికీ ఊగుతుంటే లోపం డ్రోనుది కాకపోవచ్చు. తక్కువ ఎత్తులో అది అడుగు కెమెరాతో నేలను చూసి నిలదొక్కుకుంటుంది. నీళ్ల మెరుపు, అలలు దాన్ని తికమకపెడతాయి. గాలి లేని పొద్దున కళ్లంలో ఎగరేసి చూడండి. నిలిచిందా, ఇక మడిపైన బాగా కిందికి దించకండి. నీళ్లలో పడితే పెట్టిన డబ్బు పోయినట్టే.

కళ్లంలోనూ ఊగితే ముందు రెక్కలు తడిమి చూడాలి. అంచు చిట్లిన రెక్కకు గమ్ము పెట్టే తెలివి వద్దు, మార్చేయాలి. తర్వాత చదునైన బల్లపై కదలకుండా పెట్టి యాప్‌లో కాలిబ్రేషన్ చేయాలి.

అయినా తగ్గకపోతే బారోమీటరు మీద అనుమానం. గాలి ఒత్తిడిని బట్టి ఎత్తు చెప్పేది అదే. మీటరు ఎత్తుకు తేడా సుమారు 12 పాస్కల్లే గనుక, దానిపై స్పాంజి ఊడి రెక్కల గాలి తగిలినా లెక్క తప్పుతుంది. గ్యారంటీ ఉండగా మీరు విప్పొద్దు.