సూపర్‌మార్కెట్‌లో సుషీ: హలాలా? హరామా?

మనం తినే ఆహారానికీ మన ఆరాధనకూ విడదీయరాని సంబంధం ఉంది. దూర ప్రయాణం చేసి, దుమ్ము కొట్టుకుపోయి, చేతులెత్తి ప్రభువును వేడుకునే వ్యక్తి తిండీ బట్టా హరామ్ అయితే అతని దుఆ ఎలా స్వీకరించబడుతుందని దైవప్రవక్త (స) హెచ్చరించారు (సహీహ్ ముస్లిం). అందుకే కొత్త ఆహారం ఎదురైనప్పుడు విశ్వాసి ఆగి ఆలోచిస్తాడు. అయితే ఆ ఆలోచన ఎలా ఉండాలి? ఈ నెల మాకు వచ్చిన ఒక ఉత్తరం ఈ ప్రశ్నను మన ముందుంచింది.

గుంటూరుకు చెందిన ఒక సోదరి అమెరికాలోని న్యూజెర్సీలో కొడుకు ఇంట్లో కొన్ని నెలలు ఉండడానికి వెళ్లారు. ఒక సాయంత్రం కోడలు సూపర్‌మార్కెట్ నుంచి పిల్లవాడి కోసం సుషీ పెట్టె తెచ్చింది. "పచ్చి చేప ముస్లింలు తింటారా? తౌబా! ఇది హరామ్" అంటూ ఆమె ఆ పెట్టెను చెత్తబుట్టలో పడేశారు. "చేపే కదా అమ్మీ, చేప హలాలే కదా" అంది కోడలు. రెండు రోజులు అత్తాకోడళ్లకు మాటల్లేవు. తొమ్మిదేళ్ల మనవడు పెట్టె వెనక ఉన్నదంతా కాగితం మీద రాసి ఇచ్చాడట. ఆ కాగితాన్ని జతచేసి, "మా ఇద్దరిలో ఎవరిది ఒప్పు?" అని ఆమె అడిగారు.

ఆ కాగితం చదివాక మేము చెప్పగలిగేది ఇదే: ఇద్దరి మాటలోనూ సగం సగం పొరపాటు ఉంది.

కొత్తదనం వేరు, నిషేధం వేరు

ముందుగా ఒక అపోహ తొలగాలి. సుషీ అంటే పచ్చి చేప కాదు. వెనిగర్, పంచదార, ఉప్పు కలిపిన అన్నమే సుషీకి మూలం. చింతపండుతో, నిమ్మరసంతో పులిహోర కలుపుకునే మనకు పుల్లటి అన్నం వింతేమీ కాదు. ఆ అన్నంతో దోసకాయ పెట్టవచ్చు, కూరగాయ పెట్టవచ్చు, వండిన చేప పెట్టవచ్చు, పచ్చి చేపా పెట్టవచ్చు. అన్నం లేకుండా వట్టి పచ్చి చేప ముక్కలు వడ్డిస్తే దాన్ని సషిమి అంటారు.

ఇక పచ్చి చేప సంగతి. సముద్రపు వేట, దాని ఆహారం మనకు ధర్మసమ్మతమని అల్ మాయిదా సూరా 96వ ఆయతులో ఉంది. చేపను జిబహ్ చేయనవసరం లేదన్న విషయంలో పండితులందరూ ఏకాభిప్రాయంతో ఉన్నారు. వండితేనే హలాల్ అనే షరతు షరీఅత్‌లో ఎక్కడా లేదు. మనకు అలవాటు లేకపోవడం వేరు, అల్లాహ్ నిషేధించడం వేరు.

దైవప్రవక్త (స) జీవితంలోని ఒక సంఘటన ఇక్కడ గుర్తు చేసుకోవాలి. హజ్రత్ మైమూనా (రజి) ఇంట్లో కాల్చిన ఉడుము మాంసం వడ్డించారు. ఆయన (స) చేయి వెనక్కి తీసుకున్నారు. ఇది హరామా అని హజ్రత్ ఖాలిద్ బిన్ వలీద్ (రజి) అడిగారు. కాదనీ, తమ వారి ప్రాంతంలో అది ఉండదు గనుక తమకు ఇష్టం కలగడం లేదనీ ఆయన (స) బదులిచ్చారు. ఖాలిద్ (రజి) ఆయన ఎదుటే తిన్నారు (బుఖారీ, ముస్లిం). ఉడుము విషయంలో హనఫీ పండితుల నిర్ణయం వేరు. కానీ ఈ సంఘటనలోని మర్యాద అందరికీ పాఠమే. "నాకు నచ్చదు" అనే హక్కు మనకుంది. నచ్చలేదు కాబట్టి "హరామ్" అనే అధికారం మాత్రం మనకు లేదు.

పెట్టె వెనక ఏముంది?

మనవడు రాసిన కాగితాన్ని బట్టి అది "కాలిఫోర్నియా రోల్". అన్నం, సముద్రపు నాచు, దోసకాయ, అవకాడో, నకిలీ పీత మాంసం. అంటే అందులో పచ్చి చేప అసలు లేనే లేదు! అత్తగారు లేని దాన్ని చూసి పారేశారు. మరి కోడలు? ఉన్న దాన్ని చూడలేదు.

నకిలీ పీత మాంసాన్ని సాధారణంగా పొలాక్ అనే తెల్లచేపతో చేస్తారు. చేపను రుబ్బి, పిండి, గుడ్డు తెల్లసొన కలిపి ఉడికిస్తారు. ఇంతవరకు ఇబ్బంది లేదు. కానీ రుచి కోసం చాలా కంపెనీలు నిజమైన పీత సారం కలుపుతాయి. కొన్ని కార్మైన్ అనే ఎర్ర రంగు వాడతాయి. దాన్ని పురుగుల నుంచి తీస్తారు. ఈ కాగితంలో పీత సారంతో పాటు "మిరిన్" అనే పేరు కూడా ఉంది.

పీత విషయం: హనఫీ మస్లక్ ప్రకారం నీటి జీవాల్లో చేప మాత్రమే హలాల్. పీత, ఆక్టోపస్, స్క్విడ్ తినకూడదు. రొయ్యను చేప జాతిగా లెక్కించి అనుమతించిన హనఫీ పండితులున్నారు, వద్దన్నవారూ ఉన్నారు. షాఫయీ తదితర మస్లక్‌లలో సముద్ర జీవాల విషయంలో వెసులుబాటు ఎక్కువ. ఎవరి మస్లక్‌ను వారు పాటించాలి, ఎదుటివారిని నిందించకూడదు.

మిరిన్ విషయం: ఇది బియ్యంతో చేసే తీపి మద్యం. అసలైన మిరిన్‌లో సుమారు 14 శాతం ఆల్కహాల్ ఉంటుంది. ఎక్కువ తాగితే మత్తెక్కించేది కొంచెమైనా నిషిద్ధమేనని హదీసు బోధిస్తోంది (అబూ దావూద్, తిర్మిజీ). కాబట్టి మిరిన్ కలిపిన ఆహారాన్ని వదిలేయాలి.

వెనిగర్ విషయం: మద్యం పూర్తిగా మారి వెనిగర్ అయితే దాని ఆదేశం కూడా మారిపోతుంది. దైవప్రవక్త (స) వెనిగర్‌ను మంచి ఆదరువుగా మెచ్చుకున్నారు (సహీహ్ ముస్లిం). బియ్యపు వెనిగర్ వాడుకోవచ్చు.

సోయా సాస్ విషయం: దీన్ని పులియబెట్టేటప్పుడు దానంతటదే కొద్దిపాటి ఆల్కహాల్ ఏర్పడుతుంది. అది మత్తు కోసం చేసేది కాదు గనుక చాలామంది నేటి పండితులు అనుమతించారు. హలాల్ ముద్ర ఉన్నది దొరికితే అదే మేలు.

మరి ఏం చూసి కొనాలి?

మన దేశంలో పొట్లం మీద ఆకుపచ్చ గుర్తు చూసి కొనడం మనకు అలవాటు. అది మాంసం, చేప, గుడ్డు లేవని మాత్రమే చెబుతుంది. అమెరికాలో ప్రభుత్వం నిర్ణయించిన అలాంటి గుర్తు లేదు. అయితే అక్కడ 2004లో చేసిన చట్టం ప్రకారం చేప, గుడ్డు, సోయా, పీత-రొయ్య జాతి వంటివి ఉంటే పొట్లం మీద స్పష్టంగా రాయాలి. 2023 నుంచి నువ్వులనూ చేర్చారు. ఇది ఎలర్జీ ఉన్నవారి కోసం చేసిన చట్టమే అయినా పీత సంగతి మనకూ తెలుస్తుంది. మద్యం ఆ జాబితాలో లేదు. కాబట్టి మిరిన్, సాకే, వైన్ అనే పేర్లను పదార్థాల వరుసలో మనమే వెతకాలి. యూదుల కోషర్ ముద్ర ఉంటే పంది, పీత ఉండవు. కానీ వైన్ ఉండవచ్చు.

దోసకాయ రోల్, అవకాడో రోల్, సాల్మన్, ట్యూనా ఉన్నవి, అన్నంలో గానీ సాస్‌లో గానీ మిరిన్ లేకపోతే తినవచ్చు. తెలియకపోతే కౌంటర్ దగ్గర అడగాలి. ఆ కౌంటర్లలో పనిచేసేవారిలో మన లాగే వేరే దేశం నుంచి వచ్చినవారు ఎందరో ఉంటారు. మయన్మార్ నుంచి వలస వచ్చినవారూ చాలామంది ఉన్నారు. ముఖం చిట్లించకుండా, సలాం చేసినంత మర్యాదగా అడగండి. పీత కోసిన కత్తితోనే మీ రోల్ కోయవద్దని చెప్పండి. మన ధర్మం ఎలాంటిదో వారు మన మాట తీరును బట్టే తెలుసుకుంటారు.

ఆరోగ్యం గురించి ఒక మాట. పచ్చిగా తినే చేపలోని పురుగులు చావడానికి మైనస్ 20 డిగ్రీల చలిలో ఏడు రోజులు ఉంచాలని అమెరికా ఆహార నియమావళి చెబుతోంది. గర్భిణులు పచ్చి చేప తినకూడదని వైద్యులు చెబుతారు. బజారు నుంచి తెచ్చిన చేపను ఇంట్లో పచ్చిగా పెట్టే ప్రయోగం చేయవద్దు. అల్లాహ్ మనల్ని తినమన్నది హలాల్ అయినదీ, పరిశుద్ధమైనదీ. ఈ రెండూ ఉండాలి.

ఆ పిల్లవాడు ఏం నేర్చుకున్నాడు?

సోదరీ! ఆ పెట్టె తినదగినది కాదు. ఆ మేరకు మీ నిర్ణయం సరైనదే, కానీ మీరు చెప్పిన కారణం సరైనది కాదు. చేప హలాల్ అన్న మీ కోడలి మాట సరైనదే, కానీ ఆమె పెట్టె తిప్పి చూడలేదు. మా దిగులు మాత్రం పిల్లవాడి గురించే. హరామ్ అంటే పెద్దలకు అసహ్యం కలిగించేదని ఆ రోజు వాడికి అర్థమై ఉంటుంది. రేపు బడిలో పక్క పిల్లవాడి అన్నం డబ్బా చూసి వాడూ "ఛీ" అంటే తప్పెవరిది? దైవప్రవక్త (స) ఎన్నడూ ఏ ఆహారానికీ వంకలు పెట్టలేదు. ఇష్టమైతే తినేవారు, లేకపోతే వదిలేసేవారు (బుఖారీ, ముస్లిం).

మీరిద్దరూ వాడిని కూర్చోబెట్టుకుని ఒకసారి ఇంట్లోనే ఆ అన్నం కలపండి. వెనిగర్, పంచదార, ఉప్పు, నాచు, దోసకాయ, వండిన చేప చాలు. తర్వాత వాడినే అంగడికి తీసుకెళ్లి పెట్టె వెనక చదవమనండి. చూడకుండా తినవద్దనీ, తెలియకుండా హరామ్ అనవద్దనీ అప్పుడు వాడికి బోధపడుతుంది. ఆ కాగితం అంత శ్రద్ధగా రాసిన పిల్లవాడికి ఇది కష్టమేమీ కాదు.

అల్లాహ్ మన ఇళ్లలో హలాల్ ఆహారాన్నీ, హలాల్ హరామ్‌ల సరైన జ్ఞానాన్నీ, అత్తాకోడళ్ల మధ్య ప్రేమాభిమానాలనూ ప్రసాదించుగాక! ఆమీన్.