నోటేషన్ లేని పాట వాయించాలంటే ముందు ‘స’ దొరకాలి

ఇంట్లో కీబోర్డో హార్మోనియమో ఉంది, భజనలంటే ఇష్టం, కానీ నోటేషన్ చదవడం రాదు. మీదీ ఇదే పరిస్థితి అయితే ఈ పాఠం మీకోసమే. నేను పగలు కోడ్ రాస్తాను, రాత్రి కీబోర్డ్ ముందు కూర్చుంటాను. ఇంకా నేర్చుకుంటున్నవాడినే. విని వాయించడానికి నాకు పనికొచ్చిన పద్ధతి చెప్తాను.

1. ముందు గొంతు, తర్వాత వేళ్లు
పల్లవి ఒక్కటే తీసుకోండి. రికార్డింగ్ ఆపేసి కూడా కూనిరాగంగా తీయగలిగేదాకా వినండి. గొంతులోకి రాని పాట వేళ్లలోకి రాదు.

2. ‘స’ వెతకండి
పల్లవి ఎక్కడ ఆగితే “హమ్మయ్య, ఇల్లు చేరాం” అనిపిస్తుందో, చాలా పాటల్లో అదే షడ్జమం. అక్కడ ‘ఊఁ’ అని పట్టుకుని, ఒక్కో కీ నొక్కుతూ అది ఎక్కడ కలుస్తుందో చూడండి. దొరికాక నలుపు, తెలుపు అన్నీ లెక్కపెట్టుకుంటూ పైకి ఏడో కీకి వెళ్లండి. అది ‘ప’. ఈ రెండూ కలిపి నొక్కి ఉంచి పాట ప్లే చేయండి. తంబూరాలా హాయిగా ఒదిగితే మీ ‘స’ కరెక్టే.

దీనికి ఇంత ప్రాముఖ్యం ఎందుకో ఇప్పుడే చేసి చూడండి. ఒక స్థాయిలో 12 కీస్ ఉంటాయి, వాటిలో నల్లవి 5. మూడు నల్ల కీస్ ఉన్న గుంపులో మొదటిదాన్ని ‘స’ అనుకుని, పై స్థాయి ‘స’ దాకా నల్లవే వాయించండి. అది మోహన. ఇప్పుడు అదే గుంపులో రెండోదాన్ని ‘స’ అనుకుని మళ్లీ అవే కీస్ వాయించండి. అది మధ్యమావతి! కీస్ మారలేదు, ‘స’ మారింది, రాగమే మారిపోయింది.

3. చిన్న ముక్కలు
యూట్యూబ్‌లో స్పీడ్ 0.5 పెట్టినా శ్రుతి మారదు. ఒక్కో పదం విని రెండే ప్రశ్నలు వేసుకోండి. స్వరం పైకి వెళ్లిందా, కిందికి దిగిందా? పక్క మెట్టుకా, దూకిందా? రెండు స్వరాల మధ్య ఊగే గమకం మామూలు కీస్ మీద పలకదు. దానికోసం కంగారు పడకండి. ఊగి చివరికి ఎక్కడ నిలిచిందో అది వాయించండి, మిగతాది పాడేవాళ్ల గొంతు చూసుకుంటుంది.

4. కీ కాదు, స్వరం గుర్తుపెట్టుకోండి
అమ్మ ఒక శ్రుతిలో పాడుతుంది, నాన్న ఇంకో శ్రుతిలో. “ఈ కీ, ఆ కీ” అని బట్టీ పడితే శ్రుతి మారగానే చేతులు ఆగిపోతాయి. “స రి గ ప” అని గుర్తుంటే కొత్త ‘స’ పట్టుకుని మొదలెట్టేయొచ్చు. కోడర్ల భాషలో చెప్పాలంటే అబ్సల్యూట్ పాత్ కాదు, రిలేటివ్ పాత్.

ఇదంతా ఎందుకు, నోటేషన్ ఎక్కడో దొరుకుతుంది కదా అంటారా? అన్నమయ్య (1408–1503) సాహిత్యం, రాగాల పేర్లు తిరుమలలో రాగిరేకుల మీద భద్రంగా ఉండిపోయాయి. కానీ ఇవాళ మనం వినే బాణీల్లో చాలావరకు 20వ శతాబ్దపు విద్వాంసులు కట్టినవి. రాగి మీద చెక్కిన మాట మిగిలింది. చెవి నుంచి చెవికి వెళ్లే వరుస దారిలో తెగిపోయింది.

మా అమ్మమ్మ పాడే మంగళహారతి పాటకి నోటేషన్ లేదు, వీడియో లేదు. ఆ వరుస ఆవిడ గొంతులో మాత్రమే ఉంది. మీ ఇంట్లోనూ అలాంటి పాట ఒకటి ఉండే ఉంటుంది.

అందుకే ఈ వారం హోంవర్క్: పెద్దవాళ్లని అడిగి ఒక్క పాట పాడించుకోండి, ఫోన్‌లో రికార్డ్ చేయండి. దానికి ‘స’ కనిపెట్టండి. పల్లవి వచ్చాక వాళ్ల పక్కన కూర్చుని, వాళ్లు పాడుతుంటే వాయించండి. తప్పు స్వరం పడితే వాళ్లే చెప్తారు. అంతకన్నా మంచి గురువు ఏ యాప్‌లోనూ దొరకరు.